కోటకు పుట్టిల్లు దుగరాజపట్నం



1640 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మనుషులు దుగరాజపట్నంలో దుకాణం కట్టేశారు. ఫిరంగులు, బట్టల మూటలు, లెక్కల పుస్తకాలు ఓడలకెక్కాయి. ఒక ఓడ పేరు ఈగిల్, రెండోదాని పేరు యూనిటీ. ఫ్రాన్సిస్ డే, ఆయన పైఅధికారి ఆండ్రూ కోగన్, ఒక గుమాస్తా, పాతికమంది దాకా సైనికులు, కొందరు పనివాళ్ళు బయల్దేరారు. వాళ్ళలో నాగభట్టు అనే మనవాడు కూడా ఉన్నాడు. ఆయన పని తుపాకిమందు తయారు చెయ్యడం. ఫిబ్రవరి 20న ఓడలు మైలాపూరుకు కాస్త ఉత్తరాన, ఒక ఇసుక దిబ్బ ముందు లంగరు వేశాయి. ఆ దిబ్బ మీద కట్టిన కోటే సెయింట్ జార్జి కోట. దాని చుట్టూ పెరిగిన ఊరే చెన్నపట్నం.

ఇవాళ ఆ కోటలో తమిళనాడు శాసనసభ ఉంది, సచివాలయం ఉంది, మ్యూజియం ఉంది. చెన్నై చరిత్ర రాసే ఎవరైనా ముందు దాని పేరే చెబుతారు. ఆ కథ ఎప్పుడూ 1639లో, ఫ్రాన్సిస్ డే ఒక నాయకుడి దగ్గర నేల సంపాదించడంతో మొదలవుతుంది. అంతకు ముందు డే ఎక్కడున్నాడు, అక్కడ ఏం చేస్తున్నాడు, అక్కణ్ణించి ఎందుకు లేచి వెళ్ళాల్సి వచ్చింది అన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నెల్లూరు తీరం వాళ్ళకు మాత్రం ఆ ఒక్క వాక్యంలోనే అసలు కథ ఉంది. దుగరాజపట్నంలో పద్నాలుగేళ్ళు పడిన పాట్లే చెన్నపట్నంలో గోడలుగా లేచాయి.

అసలు ఇంగ్లీషువాళ్ళు ఈ తీరానికి ఎందుకొచ్చారన్నది ముందు చూడాలి. వాళ్ళకు కావలసింది మిరియాలు, జాజికాయ, లవంగాలు. అవి దొరికేది జావా, సుమత్రా, మొలక్కా దీవుల్లో. ఆ దీవులవాళ్ళకు ఇంగ్లండు ఉన్ని బట్టలతో ఏం పని? ఉక్కపోసే ఊళ్ళలో కంబళ్ళు ఎవరు కొంటారు? వాళ్ళు అడిగింది కోరమండల్ తీరపు నూలు బట్ట. మచిలీపట్నం నుంచి పులికాట్ దాకా, ఆ కిందకూ మగ్గాల మీద నేసి, కలంతో గీసి, చాయవేరుతో ఎర్రరంగు అద్దిన అద్దకం బట్ట. ఆ బట్ట చేతిలో ఉంటేనే మిరియాల బస్తా చేతికొచ్చేది. మన నేతగాళ్ళ సరుకు ఆనాడు తూర్పు సముద్రంలో నాణెంలా చెల్లింది.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఈ తీరానికి వచ్చింది. దాని మీద వ్యాపారం చూసుకునేవాళ్ళు ఇద్దరూ ఇంగ్లీషు కంపెనీ కొలువులో ఉన్న డచ్చివాళ్ళే. ఒకడు పీటర్ ఫ్లోరిస్, రెండోవాడు లూకాస్ ఆంథ్యూనిస్. ముందుగా పులికాట్‌లో దిగబోయారు. అక్కడ అప్పటికే పాతుకుపోయిన డచ్చి కంపెనీ, ఇక్కడ మాకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు పొమ్మంది. చేసేదిలేక ఉత్తరానికి తిరిగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరారు. 1613 నాటికి డచ్చివాళ్ళు పులికాట్‌లో కోట కట్టుకుని దానికి గెల్‌డ్రియా అని తమ దేశంలోని ఒక సీమ పేరు పెట్టుకున్నారు. ఆ కోట ఫిరంగులు ఒక్క పులికాట్‌నే కాదు, చుట్టుపక్కల బట్టల వ్యాపారాన్నంతా కాపలా కాశాయి.

1619లో లండన్‌లో రెండు కంపెనీలకూ రాజీ కుదిరింది. పులికాట్ వ్యాపారంలో ఇంగ్లీషువాళ్ళకు సగం వాటా, కోట ఖర్చులో సగం భారం. కాగితం మీద బాగానే ఉంది. 1621లో ఇంగ్లీషువాళ్ళు పులికాట్ వచ్చి కూర్చున్నారు. ఖర్చులో సగం పక్కాగా వసూలైంది, వ్యాపారంలో సగం మాత్రం చేతికి రాలేదు. 1623లో అంబోయినా దీవిలో డచ్చివాళ్ళు ఇంగ్లీషు వర్తకుల్ని పట్టి చంపించారు. ఆ ఏడే ఇంగ్లీషువాళ్ళు పులికాట్ నుంచి మూటా ముల్లే సర్దుకున్నారు. ఒకరి కోట నీడలో వ్యాపారం చెయ్యడమంటే ఏమిటో ఆ రెండేళ్ళలో బాగా తెలిసొచ్చింది.

ఆ తర్వాత వాళ్ళ కన్ను పడింది దుగరాజపట్నం మీద. పులికాట్ పట్నానికి ఉత్తరంగా సుమారు అరవై కిలోమీటర్ల దూరం. 1625-26లో అక్కడి స్థానిక నాయకుడి అనుమతితో ఒక కొఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టారు. ఆ ఊళ్ళో వాళ్ళకు అండగా నిలిచిన పెద్దమనిషి ఆర్ముగం మొదలియారు అని జిల్లా చరిత్రల్లో ఉంది. ఆయన పేరునే ఇంగ్లీషువాళ్ళు ఊరికి పెట్టుకుని ఆర్మగాన్ అన్నారు. కంపెనీ లేఖల్లో, సముద్రపు పటాల్లో ఇప్పటికీ ఆ పేరే చెల్లుబాటు.

ఆ చోటును ఏరుకోవడానికి ఒక కారణం సముద్రంలోనే ఉంది. ఈ తీరంలో సహజమైన రేవులు తక్కువ. ఓడలు ఒడ్డుకు దూరంగా, అలల అవతల ఆగాలి. సరుకంతా మసూలా పడవల మీద ఒడ్డుకు చేరాలి. ఆ పడవను కాస్త దగ్గర్నుంచి చూడాలి. దానిలో ఒక్క మేకు ఉండదు. పలకకూ పలకకూ అంచుల్లో వరసగా బెజ్జాలు వేసి, కొబ్బరి తాళ్ళతో బిగించి కుడతారు. సందుల్లో నారో గడ్డో కూరుతారు. మేకులు కొట్టిన పడవను ఒడ్డున విరుచుకుపడే కెరటం రెండు దెబ్బల్లో చీల్చేస్తుంది. కుట్టిన పడవ మాత్రం కెరటం కొట్టినప్పుడు ఒళ్ళు వంచుతుంది, వెనక్కి పోయినప్పుడు సర్దుకుంటుంది. ఈ పడవల్ని నడిపే తీరపు బెస్తలు లేకుండా ఏ తెల్ల కంపెనీకీ ఒక్క బట్ట మూట ఓడకెక్కేది కాదు. ఓడల పుస్తకాల్లో సరుకు లెక్క ఉంది, కెప్టెన్ల పేర్లున్నాయి. ఆ పడవవాళ్ళలో ఒక్కరి పేరూ దొరకదు.

దుగరాజపట్నం ఎదురుగా సముద్రంలో పొడుగాటి ఇసుక మేట ఉంది. ఆర్మగాన్ మేట అంటారు. పెద్ద కెరటాలు ముందు ఆ మేట మీద విరిగి, తీరానికి వచ్చేసరికి కొంత నీరసిస్తాయి. మేటకూ ఒడ్డుకూ నడుమ ఓడ నిలవడానికి కాస్త నెమ్మదైన నీళ్ళు దొరుకుతాయి. తర్వాతి కాలపు ఇంగ్లీషు నావికులు ఆ జాగాకు బ్లాక్‌వుడ్స్ హార్బర్ అని పేరు పెట్టుకున్నారు. అయితే తెలిసినవాడికి అండగా నిలిచిన ఆ మేటే తెలియనివాడి పాలిట గండం. చీకట్లో దారి తప్పిన ఓడ దాని మీదకెక్కితే ఇక అంతే. అందుకే ఆ తీరంలో దీపస్తంభం కట్టాల్సి వచ్చింది.

1628లో మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల ఒత్తిడి భరించలేక ఇంగ్లీషువాళ్ళు అక్కడి కొలువు మొత్తం దుగరాజపట్నానికి మార్చారు. కొఠీ చుట్టూ గోడలు లేపి పన్నెండు ఫిరంగులు పెట్టారు. లోపల వర్తకులూ సైనికులూ కలిపి ఇరవై పైచిలుకు మంది. భారతదేశపు తూర్పు తీరాన ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులతో కట్టుదిట్టం చేసుకున్న మొదటి చోటు ఇదే. కోట అనడానికి నోరు రాదు గానీ, ఫిరంగి నీడన కూర్చుని బట్ట కొనడం, ధర తెగ్గొట్టడం వాళ్ళు నేర్చుకున్నది మాత్రం ఇక్కడే.

మరి అక్కడే ఎందుకు స్థిరపడలేదు? ఎందుకంటే ఫిరంగులు బట్టలు నెయ్యవు. దుగరాజపట్నం చుట్టుపక్కల ఇసుక, ఉప్పుకయ్యలు, పులికాట్ సరస్సు వెనక్కి తన్నిన నీళ్ళు. నేతపల్లెలు లోపలికి ఉన్నాయి, కొన్ని దక్షిణాన ఉన్నాయి. మంచి అద్దకం బట్ట దండిగా దొరికేది పులికాట్ వైపు, అక్కడ డచ్చివాళ్ళ కాపలా. పైగా స్థానిక నాయకుడితో చెల్లింపుల దగ్గర, అప్పుల దగ్గర ఎడతెగని తగాదాలు. ఓడకు సరిపడా సరుకు సమకూడాలంటే నెలలు పట్టేది. ఓడ వచ్చి ఖాళీగా నిలబడితే నష్టం, సరుకు వచ్చి ఓడ రాకపోతే ఇంకో నష్టం.

1630 నుంచి రెండేళ్ళు పెద్ద కరువు. గుజరాతును కాల్చేసిన కరువే ఈ తీరాన్నీ తాకింది. నేతగాళ్ళు చనిపోయారు, ఊళ్ళు పాడుపడ్డాయి. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఏటా అయిదు వందల వరహాల సుంకానికి ఒప్పుకుని ఇంగ్లీషువాళ్ళకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. దాంతో పెద్ద కొలువు మళ్ళీ మచిలీపట్నం చేరింది. దుగరాజపట్నం చిన్నదైపోయింది. అలా చిన్నబోయిన కొఠీకి పెద్దగా వచ్చినవాడే ఫ్రాన్సిస్ డే.

డే గురించి కంపెనీ కాగితాల్లో కనిపించే మనిషి ఒక విచిత్రపు కలబోత. చొరవ ఉంది, తొందర ఉంది, సొంత వ్యాపారం మీద కూడా చూపు ఉంది. ఆ రోజుల్లో కంపెనీ ఉద్యోగుల్లో ఈ చివరి గుణం లేనివాడు అరుదు. 1637లోనే ఆయన మంచి చోటు కోసం దక్షిణంగా పుదుచ్చేరి దాకా తీరం వెతికాడు. 1639లో ఆయన పూనమల్లి ప్రాంతపు నాయకుడితో బేరం కుదుర్చుకున్నాడు.

ఆ నాయకులు తెలుగువాళ్ళు. దామెర్ల చెన్నప్ప నాయకుడి కొడుకులు ఇద్దరు. వెంకటప్ప వందవాసిలో ఉండి చక్రం తిప్పేవాడు, అయ్యప్ప పూనమల్లి నుంచి తీరప్రాంతం చూసుకునేవాడు. పైన చంద్రగిరిలో విజయనగర వంశపు చివరి రాయల పేరు ఇంకా నిలిచే ఉంది. డే సంపాదించిన కౌలులో ఇంగ్లీషువాళ్ళకు మద్రాసుపట్నం మీద రెండేళ్ళ అధికారం, సుంకాల్లో సగం, నాణేలు ముద్రించుకునే హక్కు ఉన్నాయి. ఆగస్టు 22ను చెన్నైవాళ్ళు ఇప్పటికీ ఊరి పుట్టినరోజుగా జరుపుకుంటారు. పత్రం తేదీ జులై అని కొందరు, ఆగస్టు అని కొందరు చరిత్రకారులు వాదులాడుకుంటూనే ఉన్నారు.

ఆ కౌలులో ఒక చిక్కు ఉంది. కోటను నాయకుడే తన ఖర్చుతో కట్టిస్తాడు అని డే అర్థం చేసుకున్నాడు, పైవాళ్ళకూ అదే చెప్పాడు. తీరా అందరూ ఓడ దిగాక నాయకుడు, నేనెప్పుడు అన్నాను అన్నాడు. డే బిక్కమొహం వేశాడో లేదో గానీ, కోట పూర్తయ్యేదాకా పెట్టే ఖర్చుకు వడ్డీ తానే కడతానని అంతకు ముందు ఒప్పుకున్న మాట ఒకటి మెడకు చుట్టుకుంది. చివరికి కంపెనీ సొమ్మే పోశారు. లండన్ దొరలు లబోదిబోమన్నారు. కోగన్ మీదా డే మీదా విచారణలు జరిగాయి. ఇంత డబ్బు ఇసుకలో పోయించినవాడెవడు అన్నది ఆ విచారణల సారాంశం. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళు దక్షిణాదిని ఏలిన కోట పుట్టినప్పుడు ఎవరికీ అక్కర్లేని బిడ్డే.

డే ఆ చోటును ఎందుకు ఎంచుకున్నాడన్న దానికి ఒక కొంటె కథ కూడా ప్రచారంలో ఉంది. పక్కనే ఉన్న పోర్చుగీసు శాంతోమ్‌లో ఆయనకు ఒక ప్రియురాలుండేదని, రాకపోకలకు వీలుగా ఆ దిబ్బను ఎంచుకున్నాడని చెప్పుకునేవారు. ఆనాటివాళ్ళు చెప్పుకున్న మాటే గానీ, రుజువంటూ ఏమీ లేదు. బట్ట ధర ఒక్కటి చాలు ఆ ఎంపికకు. దుగరాజపట్నంలో దొరకని మేలురకం బట్ట అక్కడ దొరుకుతోందని, ధర కూడా తక్కువని డే స్వయంగా చూసి వచ్చాడు. అయిదో వంతు చవక అని లెక్క కూడా చెప్పాడు. పద్నాలుగేళ్ళు సరుకు లేని చోట ఫిరంగులకు కాపలా కాసిన కంపెనీకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇదంతా ఇంగ్లీషు కాగితాల కథ. దామెర్లవారి వైపు నుంచి ఇంకో కథ ఉంది. అది తెలుగులోనే ఉంది. ఆ ఇంటివాడే అయిన దామెర్ల అంకభూపాలుడు ఉషాపరిణయం అనే కావ్యం రాశాడు. అందులో తన అన్న అయ్యప్ప పులికాట్‌కూ మైలాపూరుకూ నడుమ చెన్నపట్నం నిలిపాడని, ఆ రెండు చోట్లవాళ్ళూ నిత్యం కొట్టుకు చస్తుంటే మధ్యలో అడ్డుకట్టగా దాన్ని వేశాడని చెబుతాడు. పులికాట్ అంటే డచ్చివాళ్ళు, మైలాపూరు అంటే పోర్చుగీసువాళ్ళు. అంకభూపాలుడు పులికాట్‌ను ప్రళయకావేరి అన్నాడు. సరస్సు చుట్టుపక్కల పల్లెల్లో ఆ పేరు ఇప్పటికీ బతికే ఉంది. స.వెం.రమేశ్ తన కథల పుస్తకానికి పెట్టుకున్నదీ ఆ పేరే.

ఈ రెండు కథల్లో ఏది నిజం? రెండూ నిజమే అయ్యుండొచ్చు. డే తాను బేరం కొట్టేశానని అనుకున్నాడు. దామెర్లవారు మూడో దొంగను తెచ్చి ఇద్దరు దొంగల మధ్య కూర్చోబెట్టామనుకున్నారు. చెన్నై పుట్టుకను చెప్పేటప్పుడు డే పేరు ముందు చెప్పి దామెర్లవారిని సంతకం పెట్టినవాళ్ళుగా మాత్రమే చూపించే అలవాటు ఉంది. అది సబబు కాదు. నేల వాళ్ళది, ఎత్తుగడ వాళ్ళది, ఊరికి పెట్టిన పేరు వాళ్ళ నాన్నది.

ఇక దిబ్బ మీదికి వద్దాం. ఓడలు దిగిన రెండు నెలలకు, 1640 ఏప్రిల్ 23 నాటికి కోటలో కొంత భాగం లేచింది. ఆ రోజు ఇంగ్లండుకు రక్షకుడని నమ్మే సెయింట్ జార్జి పండగ. పేరు అలా వచ్చింది. మొదటి కోట ఇప్పుడు కనిపించేంతది కాదు. నలుచదరపు గోడ, నాలుగు మూలలా నాలుగు బురుజులు, నడుమ కొఠీ ఇల్లు. డబ్బు వచ్చినప్పుడు కట్టి, రానప్పుడు ఆపి, మొత్తానికి పూర్తి చేసేసరికి పదేళ్ళు దాటింది.

ఆ కోట పనుల్లో నాగభట్టు ఎక్కడున్నాడు? తుపాకిమందులో సూరేకారం నాలుగింట మూడు వంతులు. మిగతాది బొగ్గు, గంధకం. మూడింటినీ మెత్తగా నూరాలి, తడిపి కలపాలి, ఎండబెట్టాలి. నిప్పురవ్వ పడితే పనివాడి ఆనవాలు కూడా దొరకదు. సముద్రపు గాలికి మందు ఇట్టే చెమ్మగిల్లుతుంది. చెమ్మగిల్లిన మందుతో ఫిరంగి తుస్సుమంటుంది. ఇంగ్లండు నుంచి ఆరేడు నెలల ప్రయాణం చేసి వచ్చిన మందును నమ్ముకుని కోటను కాపాడలేరు. అందుకే స్థానికంగా మందు చేసే మనిషి కావాలి, నమ్మకస్తుడై ఉండాలి. దుగరాజపట్నంలో దొరికిన ఆ మనిషిని కోగన్, డే వెంటపెట్టుకుని వెళ్ళారు. కోట గోడ లేవకముందే తుపాకిమందు ఏర్పాటు జరిగిందన్న మాట.

నాగభట్టుకు అక్కడ బాగానే కలిసొచ్చింది. కోటకు ఉత్తరాన వెలసిన ఊళ్ళో చెన్నకేశవస్వామి గుడి లేచింది. ఆ గుడికి నేలలు రాసిచ్చినట్టు 1646 నాటి నాగభట్టు పత్రం, 1648 నాటి బేరి తిమ్మప్ప పత్రం మద్రాసు చరిత్రకారులు ప్రస్తావించే తొలి కాగితాల్లో ఉన్నాయి. తిమ్మప్ప కంపెనీకి దుబాసీ. బేరం భాషా ఆయనది, ఊరి వ్యవహారమూ ఆయనదే. తుపాకిమందు చేసినవాడు, దుబాసీ పని చేసినవాడు కలిసి ఊరికి గుడి నిలిపారు. ఆ గుడి తర్వాత నిలవలేదు. 1750ల చివర్లో కోట చుట్టూ ఖాళీ మైదానం కావాలని దాన్ని పడగొట్టారు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటే ఆ గుడి ఉండేది. మణలి ముత్తుకృష్ణ మొదలియారు చొరవతో పూలబజారు దగ్గర చెన్నకేశవ, చెన్నమల్లేశ్వర గుళ్ళు జంటగా మళ్ళీ వెలిశాయి.

జనం ఎలా వచ్చారన్నది ఇంకో ముచ్చట. తినే తిండికీ, తాగే నీటికీ, కట్టుకునే బట్టకూ ముప్పయ్యేళ్ళు సుంకం ఉండదని కోగన్ చాటింపు వేయించాడని చెబుతారు. మూడు నాలుగు వందల నేతగాళ్ళ, అద్దకంవాళ్ళ కుటుంబాలు వచ్చి చేరాయని కంపెనీ లేఖలు ఏడాది తిరక్కుండానే రాశాయి. నేతగాడు లేనిచోట ఫిరంగి వ్యర్థమన్నది దుగరాజపట్నం నేర్పిన పాఠం. చెన్నపట్నంలో ఒకపక్క గోడ కడుతూనే నేతగాడికి ఇల్లు చూపించారు. పైగా 1640ల్లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా నెల్లూరు సీమ మీదికి దిగి ఉదయగిరిని కూడా పట్టేసరికి, ఫిరంగులున్న గోడల పక్కన ఉండటమే మేలని చాలామందికి అనిపించింది. చంద్రగిరి రాయల బలం కరిగిపోతున్న కొద్దీ కోట పక్కన ఊరు ఊరింది.

ఆ తర్వాతి వందేళ్ళ కథ చాలా పుస్తకాల్లో ఉంది కాబట్టి త్వరగా దాటిపోదాం. 1641లో మచిలీపట్నం నుంచి పెద్ద కొలువు ఇక్కడికి మారింది. 1746లో ఫ్రెంచివాళ్ళు కోటను పట్టుకున్నారు, మూడేళ్ళకు ఒప్పందం ప్రకారం తిరిగిచ్చారు. కోటలోని నల్లరాతి స్తంభాల్ని పుదుచ్చేరికి ఎత్తుకుపోయారు. ఇంగ్లీషువాళ్ళు 1761లో పుదుచ్చేరిని పట్టుకున్నాక ఆ రాళ్ళను మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. 1758-59లో కౌంట్ లాలీ ముట్టడికి కోట తట్టుకుంది. ఇవాళ బయటి నుంచి కనిపించే కందకాలు, కోణాలు తిరిగిన గోడలు చాలావరకు ఆ ఫ్రెంచి భయం కట్టించినవే.

లోపల మాత్రం ఒక్కచోట ఆగాలి. సెయింట్ మేరీ చర్చి. 1680 అక్టోబరులో ప్రార్థనలకు తెరిచారు. బయటి నుంచి చూస్తే మామూలు చర్చి. గోడ దగ్గరికి వెళ్తే నాలుగడుగుల మందం. పైకి చూస్తే ఎక్కడా దూలం లేదు, వాసం లేదు. పైకప్పంతా ఇటుకా సున్నంతో పోసిన కమాను. ఫిరంగి గుండు పడినా కూలకూడదని అలా కట్టారు. ముట్టడి రోజుల్లో జనం తలదాచుకునేది అందులోనే. కోటకు ఫిరంగులవాళ్ళ పెద్దగా ఉన్న మనిషే ఆ చర్చికి నమూనా గీశాడని చెబుతారు. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో ఇక్కడే జరిగింది.

నెల్లూరు సీమకూ ఈ కోటకూ ఉన్న ముడి ఇరవయ్యో శతాబ్దంలోనూ తెగలేదు. మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం ఈ కోట నుంచే నడిచేది. బుచ్చిరెడ్డిపాళెంవాడైన బెజవాడ గోపాలరెడ్డి 1937లో రాజాజీ మంత్రివర్గంలో చేరేనాటికి ఆయనకు ఇంకా ముప్పయ్యేళ్ళు నిండలేదు. 1946లో టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఇక్కడే కూర్చున్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములుది అప్పటి నెల్లూరు జిల్లా కుటుంబం, పడమటిపల్లె. ఆయన పుట్టింది మాత్రం 1901లో మద్రాసు జార్జిటౌన్‌లో. కోట పక్కన నేతగాళ్ళతో, దుబాసీలతో మొదలైన ఆ పాత ఊరే జార్జిటౌన్. 1952 అక్టోబరు 19న మైలాపూరు వైపు బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, చెన్నపట్నం అటే ఉండిపోయింది. ఆంధ్ర ఉద్యమంలో వినిపించిన మద్రాసు మనదే అన్న నినాదం నిజానికి పూర్తి నిజమూ కాదు, పూర్తి అబద్ధమూ కాదు. కోటకు నేల ఇచ్చినవాళ్ళు తెలుగు నాయకులు, మందు చేసినవాడు దుగరాజపట్నం నుంచి వచ్చినవాడు. ఊరిని పెంచింది మాత్రం తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషలవాళ్ళు కలిసి.

మరి దుగరాజపట్నం ఏమైంది? కొఠీ గోడ గానీ, బురుజు గానీ చూపించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. పులికాట్‌లో డచ్చి కోట శిథిలమైనా, అస్థిపంజరాల బొమ్మలు చెక్కిన వాకిలితో వాళ్ళ శ్మశానం ఉంది, పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది. ఆర్మగాన్‌కు ఆ భాగ్యం కూడా లేదు. వాకాడు మండలంలోని ఊరు ఇది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. అటు తూపిలిపాళెం తీరం, ఇటు బకింగ్‌హాం కాలవ. కొంత దక్షిణానికి దిగితే శ్రీహరికోట. బకింగ్‌హాం కాలవ మీద ఒకప్పుడు ఈ ఊరి ముందు నుంచే ఉప్పు, కట్టెలు, ధాన్యం చెన్నపట్నం పోయేవి. కొఠీ ఎత్తేసిన తర్వాత కూడా ఈ తీరం ఆ పట్నానికి సరుకు మోస్తూనే వచ్చింది. రోడ్డూ రైలూ బలపడ్డాక కాలవ పూడిపోయింది. దీపస్తంభాల జాబితాలో ఆర్మగాన్ పేరు మాత్రం నిలిచింది.

రేవు ఆశ ఇప్పటికీ చావలేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఇక్కడ పెద్ద ఓడరేవు కట్టాలని, మొదటి దశ 2018 చివరికి పూర్తి చెయ్యాలని రాశారు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం దగ్గర్లో ఉందన్న అభ్యంతరం ఒకటి, లాభసాటి కాదన్న లెక్క ఇంకొకటి అడ్డొచ్చాయి. ఉత్తరాన కృష్ణపట్నం 2008 నుంచి పెద్ద ఓడలు దించుకుంటోంది. కొంతకాలంగా దుగరాజపట్నంలో ఓడలు కట్టే కేంద్రం పెడతారన్న మాట నడుస్తోంది. ఒకవేళ పునాదులు తవ్వే రోజు వస్తే, గడ్డపార దించే ముందు పురావస్తు శాఖవాళ్ళను ఒకసారి పిలిపించాలి. పన్నెండు ఫిరంగులు నిలిచిన చోటు ఆ ఇసుకలో ఎక్కడో ఉంది. దాన్ని వెతికి గుర్తుపెట్టే పని చెన్నై మ్యూజియానిది కాదు, ఈ తీరంవాళ్ళదే.